మావ బాగుందన్న బీరు

వేసవి మొదలవగానే మా తమ్ముడు విశాఖపట్నం నుంచి టెక్కలి వచ్చి, ఐసు పెట్టెలోంచి సీసాలు తీసి మా వంటింటి గట్టు మీద పెడతాడు. వాడు పనిచేసే చోట బీరు అక్కడే తయారుచేసి, అక్కడే గ్లాసుల్లో పోసి అమ్ముతారు. కాలానికో రకం. ఎండాకాలం రకం మాత్రం వాడి సొంతం. ఉద్దానం జీడిమామిడి పళ్ల రసం కలిపి చేస్తాడు.

ఈసారి కూడా పోసి ఇచ్చాడు. పలచటి తేనె రంగు, పైన తెల్లటి నురగ. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. నేను హైస్కూల్లో సోషల్ చెప్పే మనిషిని, బీరు గురించి నాకు తెలిసింది తక్కువ. కాని జీడిపండు వగరు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. గుక్క తియ్యగా మొదలైంది. నాలుక మధ్యకి వచ్చేసరికి పచ్చి అరటికాయ తొక్క నమిలినట్టు పట్టేసింది. మింగాక గొంతులో గోకుడు. ఆ తర్వాత, చెట్టుకింద రాలి ఎండకి మగ్గిపోయిన పళ్ల వాసన ముక్కులోంచి వచ్చింది.

తమ్ముడు గ్లాసుని కాదు, నా మొహాన్ని చూస్తున్నాడు.

"ఎలగుందక్కా?"

"బాగుందిరా."

"మరి మావ ఊరికినే అన్నాడేటి," అని తృప్తిగా తనకీ ఒక గ్లాసు పోసుకున్నాడు.

మావ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. బతికుండగా ఆయన ఎవరి చేతి వంటనీ మంచిదని అన్నది లేదు. ఒక్కసారే అన్నాడు. అన్నది ఈ బీరుని.

మావంటే మా అమ్మకి అన్న. పలాసలో జీడి ఫ్యాక్టరీ, అక్కుపల్లి దారిలో కొబ్బరి తోట, జీడి తోట. పొడుగు మనిషి. ఫ్యాక్టరీ బొగ్గు పొగలో తిరిగొచ్చినా తెల్ల చొక్కా మీద మరక కనపడేది కాదు. పిల్లల్లేరు. మా తమ్ముడి హైస్కూలు చదువంతా వాళ్లింట్లోనే సాగింది.

ఆయన తినడం ఊళ్లో అందరికీ తెలిసిన వ్యవహారం. ముద్ద నోట్లో పెట్టుకోగానే ఎడమచెయ్యి పైకి లేచేది, అరచెయ్యి మనవైపు. అంటే అందరూ మాటలాపాలి. దవడ నెమ్మదిగా కదిలేది. తర్వాత మింగేవాడు, లేదా పక్కకి తిరిగి ఉమ్మేవాడు. మింగినా ఉమ్మినా తీర్పు ఒకటే, మాటలే మారేవి.

"ఇది గొడ్డుకెట్టు. గొడ్డు వొద్దంటే అప్పుడు నాకు తే."

"పులుసులో సింతపండేసినారా, ఎవులైనా కాళ్లు కడిగినారా?"

"ఎవులు వొండినారిది? ఆ సేతులు ఓపాలి సూపించమను."

చేతులు చూపించమనడం ఉత్తమాట కాదు. వండినావిడ వచ్చి చేతులు చాపేదాకా విస్తరి ముందు అలాగే కూర్చునేవాడు. అటూ ఇటూ తిప్పించి చూసి, "ఎల్లు" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట ఉండేది కాదు. ఆవిడ మాత్రం ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు వెళ్లేది.

చాటున అందరూ ఆయన్ని తిట్టుకునేవారు. శుభలేఖ మాత్రం ముందు ఆయనకే ఇచ్చేవారు. పంక్తిలో మావ కూర్చున్నాడంటే చుట్టుపక్కల కుర్చీలు కాస్త అటు జరిగేవి. ఆ మాటల కోత మన మీద పడనంతసేపూ చూడ్డానికి బాగుండేది మరి. పైగా ఆయన తప్పు చెప్పేవాడు కాదు. ఉప్పు తక్కువన్నాడంటే తక్కువే. నూనె పాతదన్నాడంటే పాతదే. అందుకే ఎవరూ ఎదురు చెప్పలేకపోయేవారు.

ఒకసారి మా పెదనాన్న కొడుకు పెళ్లిచూపులకి కోటబొమ్మాళి వెళ్లాం. పెద్దమనిషిగా మావని తీసుకెళ్లారు. ఆ అమ్మాయి సన్నగా, చామనచాయగా ఉంది. డిగ్రీ అప్పుడే అయిందట. ఉప్మా పళ్లేలు తెచ్చి ఒక్కొక్కరికీ అందిస్తుంటే గాజులు పళ్లేలకి తగిలి చప్పుడవుతోంది. ఆ చప్పుడుకి తనే సిగ్గుపడుతోంది. మా అన్నయ్య అప్పటికే ఆ పిల్లని చూసి మెత్తబడిపోయాడు, అతని మొహమే చెబుతోంది.

మావ చెంచాడు నోట్లో పెట్టుకుని చెయ్యి లేపాడు. 

"ఉప్పేదమ్మా?" అన్నాడు.

ఆ అమ్మాయి తండ్రి వైపు చూసింది. "కంగార్లో తక్కువేసినానండి," అంది.

"ఈయేల ఉప్పు మర్సిపోయినావు. రేపు పొయ్యి ఆపడం మర్సిపోతావు. ఎల్లుండి మొగుడ్నే మర్సిపోతావు."

ముందు నవ్వింది ఆ అమ్మాయి తండ్రే. ఆ నవ్వు నాకింకా వినిపిస్తుంది. ఆయన నవ్వాడు కాబట్టి అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వాలని చూసింది. పెదవి ఒక పక్కకే కదిలింది, రెండో పక్క రాలేదు. మావ పళ్లెం కింద పెట్టేసి చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. సంబంధం అక్కడితో పోయింది. మా అన్నయ్య తిరుగు ప్రయాణంలో కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. మావ మాత్రం, "నానేటి సేసీది? ఉప్పు లేదు మరి," అని, పలాస వచ్చేదాకా హాయిగా నిద్రపోయాడు.

అత్త గురించి చెప్పాలంటే మొదటి రోజుతో మొదలుపెట్టాలి. కాపురానికొచ్చిన రోజు ఆవిడ వండిన వంకాయ కూరని మావ పళ్లెంతో సహా తీసుకెళ్లి వీధిలో కుక్క ముందు పెట్టాడట. అది తింటుందో లేదో చూడ్డానికి అరుగు మీద కూర్చున్నాడట. కుక్క తిన్నది. "సూసినావా, దానికి సరిపోయింది," అన్నాడట. మా అమ్మ ఈ సంగతి నవ్వుతూ చెప్పేది. అత్త ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ ఆయనతో కలిసి కూర్చుని తినడం నేను చూడలేదు. ఆయన తింటున్నంతసేపూ వంటింటి గుమ్మం పట్టుకుని, ఆయన దవడ వైపు చూస్తూ నిలబడేది.

తమ్ముడి సంగతి నా కళ్లతో చూశాను. వాడు హైస్కూల్లో ఉండగా నేను సెలవులకి పలాస వెళ్లాను. ఒక ఆదివారం వాడు ముచ్చటపడి మావకి గుడ్డట్టు వేశాడు. ఉల్లిపాయ సన్నగా తరిగి, అంచులు ఎర్రగా కాల్చి, పళ్లెం తుడిచి మరీ పట్టుకొచ్చాడు. మావ ముక్క నోట్లో పెట్టుకున్నాడు. చెయ్యి లేచింది. దవడ ఆగింది. నములుతున్నది తిరిగి ఆ పళ్లెంలోకే ఉమ్మి, పళ్లెం వాడి వైపు తోశాడు.

"తిను," అన్నాడు.

వాడు అత్త వైపు చూశాడు. అత్త గుమ్మం దగ్గర అలాగే నిలబడి ఉంది. వాడు తిన్నాడు. పూర్తిగా తిన్నాడు. పళ్లెం కడిగి బోర్లించాడు. ఇంటర్ అయ్యాక హోటల్ మేనేజ్‌మెంటు చదువుతానన్నప్పుడు ఇంట్లో అందరూ ఆశ్చర్యపోయారు. నేను ఆశ్చర్యపోలేదు.

తర్వాత మావకి జబ్బు చేసింది. కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న ఉద్దానంలో మనిషికి కాళ్లు పొంగాయంటే ఏ జబ్బని ఎవరూ అడగరు. క్రియాటినిన్ ఎంతుందని అడుగుతారు. పలాసలోనే డయాలసిస్ మొదలైంది. ఉప్పు మానెయ్యమన్నారు. నీళ్లు కొలిచి తాగమన్నారు. అంత కొబ్బరి తోట ఉన్న మనిషిని బోండాం ముట్టుకోవద్దన్నారు. ఒళ్లు సగమైంది. చొక్కా భుజాల మీంచి జారేది. అయినా నోరు పడలేదు. ఉప్పు లేని ఆ కూటికి కూడా చెయ్యి లేపేవాడు, తీర్పు చెప్పేవాడు. "మనిషి గట్టోడు, నాలిక పోలేదు," అని చూడ్డానికొచ్చినవాళ్లు మెచ్చుకుని వెళ్లేవారు.

ఒకరోజు ఆయన్ని డయాలసిస్‌కి దిగబెట్టి వచ్చి, అత్తా నేనూ వంటింట్లో కూర్చున్నాం. అత్త గొంతు తగ్గించి చెప్పింది.

"మీ మావకి నాలిక సచ్చిపోయింది గుంటా."

నాకు అర్థం కాలేదు.

"మొన్న మజ్జిగ పాడైపోయి కంపు కొడతంది. సూడకుండా పోసీసినాను. పులుపు సాల్లేదన్నాడు. అప్పట్నుంచీ కనిపెడతన్నాను. ఇనుము నాకినట్టుంటాదట నోరు. ఓపాలి నిద్దట్లో తనే అన్నాడు."

"మరి రోజూ అది బాగులేదు, ఇది బాగులేదని ఎలగ సెప్తన్నాడు?"

"నా మొకం సూసి," అంది అత్త. "నాను రుసి సూసి తెత్తాను కదా. బాగా కుదిర్తే నా మొకంలో భయం తక్కువుంటాది. కుదరకపోతే ఎక్కువుంటాది. అది సూసి తిడతాడు. ఎవుళికీ సెప్పకు. ఆయనకి అదొక్కటే మిగిలింది."

నేను ఎవరికీ చెప్పలేదు. అత్త కూడా ఆ రహస్యాన్ని కాపాడుతూ, రోజూ తన మొహాన్ని ఆయనకి అప్పిస్తూ వచ్చింది.

మా తమ్ముడు ఈ బీరు మొదటిసారి చేసిన ఏడు, పళ్లు మావ తోటలోవే పట్టుకెళ్లాడు. పిక్క తీసుకుని పండుని చెట్టుకిందే వదిలెయ్యడం మా వైపు అలవాటు. వాడు బుట్టలకొద్దీ ఏరించి తీసుకెళుతుంటే కూలీలు వింతగా చూశారు. సీజను చివర్లో తోటలో భోజనాలు పెట్టుకున్నాం. చుట్టాలందరూ వచ్చారు. వాడు విశాఖ నుంచి సీసాలు తెచ్చాడు. మావని కొబ్బరిచెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన చేతి మీద సూదులు గుచ్చే చోట నరం తాడులా ఉబ్బి ఉంది. అత్త ఆయనకి ఎదురుగా పీట వేసుకుని ఉల్లిపాయలు తరుగుతోంది.

తమ్ముడు మూత తియ్యగానే వాసన వచ్చింది. అత్త ముక్కు కొంచెం ముడుచుకోవడం చూశాను. ఎన్నో ఏళ్లుగా ఆ తోటలో తిరిగిన మనిషి, మగ్గిన పండు వాసన ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.

"ముందు మావ తాగాల," అన్నాడు తమ్ముడు. "మావ సెప్పీదాకా ఎవులూ ముట్టుకోకండి."

 చుట్టూ కుర్చీలు జరిగాయి. కొందరి మొహాల్లో అప్పుడే నవ్వు సిద్ధమైంది. కోటబొమ్మాళి సంబంధం పోయిన మా అన్నయ్య కూడా లేచి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

మావ గ్లాసు అందుకుని ఒక్క గుక్క నోట్లో పట్టాడు. చెయ్యి లేచింది. తోటంతా ఆగిపోయింది. దవడ కదుపుతూ ఆయన అత్త మొహం చూశాడు. నేనూ ఆ మొహమే చూశాను.

అత్త ఆ బీరు రుచి చూడలేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. కాని చూడ్డానికి ఆయనకి ఇంకో మొహం లేదు. అత్త కత్తిపీట మీద చెయ్యి ఆపి తలెత్తింది. కడుపునిండా తిన్న మనిషిలా ఆవిడ మొహం విచ్చుకుంది. తల చిన్నగా, ఎవరికీ కనపడనంత చిన్నగా ఊపింది.

"బాగుంది," అన్నాడు మావ. ఎవరూ కదలకపోవడం చూసి, "సానా బాగుంది," అని మళ్లీ అన్నాడు.

తమ్ముడు వంగి ఆయన కాళ్లు పట్టుకున్నాడు. లేచేసరికి కళ్లు తడిగా ఉన్నాయి. తనే అందరికీ గ్లాసుల్లో పోశాడు. అన్నయ్య ఒక గుక్క తాగి, కొబ్బరిచెట్టు మొదట్లో ఉమ్మేశాడు. పక్కవాడూ ఉమ్మేశాడు. ఎవరో నీళ్లడిగారు.

"ఏటి మావా," అన్నాడు అన్నయ్య నెమ్మదిగా, "ఇది బావుందా?"

అందరూ మావ వైపు తిరిగారు. మావ అత్త వైపు చూశాడు. అత్త ఉల్లిపాయల పళ్లెం తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

అన్నయ్యకి అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. పక్కకి వెళ్లి, మజ్జిగలో గుప్పెడు ఉప్పు కలిపి తెచ్చాడు. "ఇది కూడా ఓపాలి సూడు మావా," అన్నాడు. మావ ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు. చెయ్యి సగం దాకా లేచింది. పొయ్యి వైపు చూశాడు. అత్త వీపే కనిపించింది.

"పర్లేదు," అన్నాడు.

గొల్లున నవ్వు లేచింది. పెళ్లిపంక్తుల్లో ఆయన ఎవరినైనా కోస్తున్నప్పుడు వినపడే నవ్వే. ఇంకొకడు చక్కెర వేసిన నీళ్లు తెచ్చాడు, ఇంకొకడు పచ్చి పులుసు తెచ్చాడు. ఎవరూ ఆపలేదు. మావ ఒక్కొక్కటీ తీసుకున్నాడు. వద్దంటే ఒప్పుకున్నట్టవుతుందనుకున్నాడేమో. చివరికి చెయ్యి లేపడం మానేశాడు.

తమ్ముడొక్కడికే ఇదేమీ పట్టలేదు. "మీకు తెల్దు. మావకి తెలుసు. కొత్త రుసి అలవాటవ్వాల," అని అందరితో వాదిస్తూ తిరిగాడు.

తిరిగొచ్చేటప్పుడు కారు వెనక సీట్లో నేనూ అత్తా. మావ ముందు కూర్చున్నాడు. చాలాసేపటికి, వెనక్కి తిరక్కుండా అడిగాడు.

"నువ్వది తాగలేదు. తలెందుకూపినావు?"

 "ఆ గుంటడు మీరుమ్మింది తిన్నాడు," అంది అత్త. "ఆడిది ఓపాలి మీరు మింగితే ఏటైపోద్ది."

ఆ తర్వాత మావ భోజనం దగ్గర మాట్లాడ్డం మానేశాడు. ఏం పెడితే అది తిన్నాడు. అత్త గుమ్మం దగ్గర నిలబడ్డం మానేసింది. ఆయన ఎదురుగానే పీట వేసుకుని, ఎండుచేపల పులుసు కలుపుకుని, తీరిగ్గా తినేది. ఇప్పుడు ఆయన ఆవిడ దవడ చూసేవాడు.

"ఎలగుంది?" అని ఒకసారి అడిగాడు, నేనున్నప్పుడే.

అత్త ముల్లు తీసి పక్కన పెట్టి, ఇంకో ముద్ద కలుపుకుంది.

ఆయన ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం చూడ్డానికి వెళ్లాను. అత్త పెరట్లో ఉంది. నన్ను మంచం దగ్గరికి పిలిచాడు.

"నీ తమ్ముడి బీరు నిజింగా ఎలగుందే? అబద్ధం సెప్పకు."

చెప్పాను. ఆయన భాషలోనే చెప్పాను. "గొడ్డుకెట్టినా తాగదు మావా."

ఆయన కోప్పడలేదు. కళ్లు మూసుకున్నాడు. "ఎక్కడ పట్టింది, నాలిక్కా, గొంతుకా?"

"ముందు నాలిక్కి. మింగినాక గొంతుకి."

"వాసన?"

"సెట్టుకింద మగ్గిపోయిన పండు వాసన."

"ఇంకా సెప్పు," అన్నాడు. నేను చెబుతూ పోయాను. తీపి ఎక్కడ మొదలైందో, వగరు ఎక్కడ అందుకుందో, ఎంతసేపు ఉందో. ఎండిపోయిన ఆ దవడ నెమ్మదిగా కదలడం చూశాను. జీవితంలో ఆయన నా మాట అంత శ్రద్ధగా వినడం అదొక్కసారే.

"నేల మీది పండు ఏరినాడు," అన్నాడు కళ్లు తెరవకుండానే. "సెట్టు మీంచి కోసి, ఆ పూటే పిండాల. అంతే తప్పు."

"వాడికి నువ్వే సెప్పు మావా. ఫోన్ కలపనా?"

 "వొద్దు," అన్నాడు. "బాగుందన్నాను కదా. ఉండనీ."

అది వాడి మీద జాలితో అన్నాడో, తను ఒకసారి చెప్పిన తీర్పు తిరగబడకూడదని అన్నాడో నాకు తెలీదు. నన్ను కూడా వాడికి చెప్పొద్దన్నాడు. నేను చెప్పలేదు. వాడు ఈ రోజుకీ నేల మీది పళ్లే ఏరిస్తున్నాడు. విశాఖలో ఆ గ్లాసు సగం తాగి వదిలేసేవాళ్లని చూసి, వీళ్లకి నాలుక లేదని జాలిపడుతున్నాడు.

మావ పోయాక కర్మ తమ్ముడే చేశాడు. పెద్దకర్మ రోజుకి ముందర పంతులుగారు వచ్చి, వంటల సంగతి మాట్లాడారు.

"పోయినాయనకి ఇష్టమైనవి వండించండమ్మా. అలా చెయ్యడం ఆచారం."

హాల్లో బంధువులం చాలామందిమే ఉన్నాం. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"బూరెలు?" అన్నారెవరో.

"నూనె కంపు అనీవాడు," అన్నారు ఇంకొకరు.

"పనసకాయ కూర?"

"తవుడన్నాడు కదా."

"పులిహోర?"

 ఆయనకి ఏది నచ్చదో మాలో ప్రతి ఒక్కరికీ తెలుసు, మా మా చేతుల మీదే తెలుసు. ఏది ఇష్టమో ఒక్కరికీ తెలీదు. అన్నేళ్ల మా చుట్టరికంలో ఆ ప్రశ్న ఎవరమూ ఆయన్ని అడగలేదు, ఆయనా చెప్పలేదు. పంతులుగారు ఓపిగ్గా కాసేపు చూసి అత్త వైపు తిరిగారు.

అత్త గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"నాకూ తెల్దండి," అంది. "ఏటో ఒకటి వొండించండి. ఇప్పుడేటంటాడు."

వంటకి కుదిరినావిడ గుమ్మంలో ఇదంతా వింటోంది. చెయ్యి చెంగుకి తుడుచుకుని, "ఉప్పెంతెయ్యమంటారమ్మా?" అంది.

అత్త ఆవిడ వైపు తిరిగింది. "నాకు సరిపోయినంత ఎయ్యి," అంది.